అంపశయ్యపై తలగడ

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



రజతోత్సవ దినమున కావ్యప్రసంగము వినగోరి వచ్చినవారికి వైద్యవిషయము కొంత చేదుగా తోచవచ్చును. అయినను ఈ విషయము భారతముతోనే మొదలగుచున్నది. కావున కొంచెము ఓపిక పట్టవలసినదని ప్రార్థన.

పదవనాటి యుద్ధమున, ప్రొద్దు పడమటికి వాలుచుండగా భీష్ముడు రథమునుండి ఒరిగెను. ఒడలినిండ నాటుకొన్న బాణములే ఆయనకు శయ్యయైనవి. తల మాత్రము ఆధారములేక వ్రేలాడుచుండెను. రాజులు పరువెత్తి మెత్తని తలగడలు తెచ్చిరి. ఆయన వలదనెను. అర్జునుడు వచ్చి మూడు బాణములు నాటి తలకు ఆనిక కల్పించెను. అటుపిమ్మట దుర్యోధనుడు శల్యములు పెరుకుటలో నేర్పరులైన వైద్యులను, వారి పరికరములతో సహా, వెంటబెట్టుకొని వచ్చెను. వారిని ధనమిచ్చి సత్కరించి పంపివేయుమని భీష్ముడు చెప్పెను. మరునాడు దాహమైనపుడు రాజులు తెచ్చిన చల్లని నీరు కాదని మరల అర్జునునే పిలిచెను. అతడు నేలను భేదించి జలధార తెప్పించెను.

ఈ కథ చదువువారు అర్జునుని విలువిద్యను మెచ్చుకొని ముందునకు సాగుదురు. కాని ఇందొక వరుస యున్నది. అంపశయ్యమీద భీష్ముడు ఏబదియెనిమిది రాత్రులు గడపెను. తలగడ వచ్చినది కడపటి రాత్రి కాదు, మొదటి సాయంత్రమే. అదియును వైద్యులు రాకముందే వచ్చినది. ఇంకొక విశేషము శాంతిపర్వమున గలదు. ధర్మములు చెప్పుమని కోరినపుడు, బాణముల మంటచేత మనసు నిలువకున్నది, మాట తడబడుచున్నది, ఏమి చెప్పగలనని భీష్ముడు మొరపెట్టుకొనెను. శ్రీకృష్ణుడు మొదట ఆ నొప్పియు, మంటయు, ఆకలిదప్పులును తొలగునట్లు వరమిచ్చెను. ఆ తరువాతనే రాజధర్మములు వచ్చినవి, మోక్షధర్మములు వచ్చినవి, సహస్రనామములు వచ్చినవి. అంతటి జ్ఞానికిని నొప్పి తీరనిదే నోరు పెగలలేదు.

నేటి విషయము ఆ తలగడ. క్యాన్సరును పెద్దలు రాచపుండు అనిరి. శాస్త్రగ్రంథములలో అర్బుదమను పేరున్నది. ఆయుర్వేదమున వ్యాధులను సాధ్యములనియు, యాప్యములనియు, అసాధ్యములనియు విభజించిరి. యాప్యమనగా పూర్తిగా కుదురదు, కాని చికిత్స సాగినంత కాలము అణగియుండును. దీనికి సుశ్రుతుడు కూలనున్న ఇంటికి పెట్టిన ఊతకంబమును ఉపమానముగా చెప్పెను. మామిడితోటలవారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. కాయబరువునకు వంగిన కొమ్మకు ఊతకర్ర ఎప్పుడు పెట్టుదురు? విరిగిన తరువాత పెట్టు రైతు నూజివీడు ప్రాంతమున ఒక్కడును ఉండడు.

ఉపశమన వైద్యమనగా, రోగము కుదురునా కుదురదా అను ప్రశ్నతో నిమిత్తము లేకుండ, రోగికి కలుగు నొప్పి, ఆయాసము, వాంతి, నిద్రలేమి, పుండువాసన, భయము, ఇంటివారి దిగులు, వీటన్నిటిని వైద్యుని విధిగా పట్టించుకొనుట. దీనిని కడపటి రోజుల సేవయని మాత్రమే తలచుటచేత ఎంతయో బాధ నిష్కారణముగా సాగుచున్నది. క్యాన్సరని తేలిన దినముననే, కోత పెట్టు డాక్టరుతోను, కిరణములిచ్చు డాక్టరుతోను పాటు, ఈ సేవయు అదే ఆసుపత్రిలో మొదలు కావలెను. ఈ ఉపన్యాసమున చెప్పబడునది ఇంతే. తక్కినదంతయు దీనికి వివరణము.

ఇప్పుడు జరుగుచున్నదేమి? తోటలున్న ఏ ఊరినైనను తలచుకొనుడు. నాలుగెకరముల రసాలు, బంగినపల్లి చెట్లుగల రైతు నొకనిని ఊహించుకొనుడు. చుట్ట అలవాటున్నది. పూతవేళ గొంతులో గరగర మొదలైనది. ఊరి ఆర్.ఎం.పి. డాక్టరుగారు బిళ్ళలిచ్చిరి. పిందె దిగునాటికి మ్రింగుట కష్టమైనది. కాయ కోతకు వచ్చునాటికి మెడక్రింద గడ్డ కనబడినది. కోత ముగియకుండ తోటను విడిచి కదలు రైతుండడు గనుక, ఆ తరువాతగాని విజయవాడ బస్సు ఎక్కలేదు. పరీక్షలైనవి, పేరు బయటపడినది. కోతయు కిరణములును ప్రభుత్వ ఆరోగ్యపథకము క్రింద జరుగవచ్చును. కాని గది అద్దెకు, తోడున్నవారి తిండికి, రాకపోకలకు ఇంటిసొమ్మే గతి. కిరణచికిత్స వారమునకు ఐదు దినముల చొప్పున ఆరేడు వారములు సాగును. తోట రెండేండ్లకు కౌలుకిచ్చి వ్యాపారివద్ద బయానా తీసికొనిరి.

ఇంతవరకు ఎవరిని తప్పుపట్టనక్కరలేదు. ఆసుపత్రిలో గడ్డ ఎంత తగ్గినది, రక్తమెంత యున్నది, బరువెంత యున్నది అని చూచిరి, వ్రాసికొనిరి. రాత్రి నిద్రపట్టినదా అని అడిగినవారు లేరు. ఆయనయు తానై చెప్పలేదు. నొప్పియన్నచో కిరణములు ఆపివేయుదురేమోయని భయము. “ఎట్లున్నది పెద్దాయనా?” యని డాక్టరుగారు పలుకరించినపుడు, “తమ దయవలన బాగుగనే యున్నదండి” యనుట పల్లెటూరి మర్యాద. ఆ మర్యాదయే కేసుకాగితముమీదికి ఎక్కినది. నొప్పి లేనట్లు లెక్క తేలినది.

ఏడాది తిరుగకముందే వ్యాధి మరల తలయెత్తినది. ఈమారు కొడుకును ప్రక్కకు పిలిచి, “ఇక చేయగలిగినది లేదు, ఇంటికి తీసికొనిపొండు” అనిరి. ఇంటివద్ద సూది వేసినచో రెండుగంటలు ఊరట. తరువాత తెల్లవారువరకు ఆ కేక నాలుగిండ్లకు వినబడును. కోడలు పాలు పట్టబోయిన తల త్రిప్పుకొనును. మనుమలను ప్రక్కయింట పండుకొనబెట్టుదురు. మిగిలిన బయానాతో మరియొక పట్టణమున మరియొక మందు ప్రయత్నింతమని బంధువులు చెప్పుదురు. హైదరాబాదులో నొప్పి తగ్గించు విభాగమొకటి యున్నదని ఎవరో చెప్పగా అక్కడికి చేర్చునాటికి ఎనిమిది దినముల ఆయువు మిగిలియుండును. ఆ ఎనిమిది దినములు ఆయన నిద్రించును, గంజి త్రాగును, కౌలుకాగితము ఎక్కడనున్నదో కొడుకునకు చెప్పును. అంతకుముందటి నెలలు మాత్రము పోయినవి పోయినవే.

“ఇక చేయగలిగినది లేదు” అను వాక్యముమీద కొంచెము నిలువవలెను. ఇది శాస్త్రము చెప్పిన మాట కాదు. క్యాన్సరు ఎముకకు ప్రాకి నొప్పిపెట్టునపుడు, ఒక్కనాడు ఒక్కసారి ఇచ్చు కిరణచికిత్స అనేక దినములిచ్చిన దానితో సమానముగా నొప్పిని తగ్గించునని పరీక్షలలో తేలినది. గడ్డను కరగించు ఆ యంత్రమే బాధను తీర్చు యంత్రముకూడ అగుచున్నది. కడుపులో నీరు చేరినచో తీయవచ్చును. మ్రింగలేనివానికి సన్నని గొట్టముద్వారా ఆహారమీయవచ్చును. ఆయాసమునకు మందున్నది, వాంతికి మందున్నది. పుండువాసన సంగతి చెప్పవలెను. అది రోగిని ఇంటివారినుండియే వెలివేయును. దానికి కారణము పుండులో చేరు సూక్ష్మజీవులు. మెట్రోనిడజోలు అను చవుకమందు పొడిని డాక్టరు చెప్పినట్లు పుండుపై చల్లి కట్టుకట్టినచో కొలది దినములలోనే వాసన తగ్గును. తగ్గిననాడు మనుమడు మరల మంచముదగ్గరకు వచ్చును. ఇన్ని చేయగలిగినవి యుండగా ఏమియు లేదనుట ఎట్లు?

నొప్పి విషయమున ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో ఒక పద్ధతి ప్రకటించినది. దాని సారము మూడు మాటలు: నోటిద్వారా, గడియారము ప్రకారము, మెట్టుమెట్టుగా. మొదటి మెట్టున పారాసిటమాలు వంటి మాములు మందులు. రెండవ మెట్టున వానికంటె కొంత బలమైనవి. మూడవ మెట్టున నల్లమందునుండి తీసిన మార్ఫీను. ఇందు ముఖ్యమైనది గడియారము. నొప్పి వచ్చినపుడు మందు వేయుట మన అలవాటు. ఆ పద్ధతిలో మనిషి నొప్పికై కాచుకొని కూర్చుండును. మార్ఫీనుమాత్ర ప్రభావము సుమారు నాలుగుగంటలుండును గనుక, అది తీరకమునుపే రెండవది వేయవలెను. ఎండిన పాదులో చెట్టు వాడిన తరువాత నీరు పెట్టుటకును, వాడకుండ తడి నిలుపుటకును గల భేదమే ఇది. మార్ఫీనుతో మలబద్ధకము తప్పదు. కావున విరేచనపు మందు దానివెంటనే వ్రాయవలెను. వ్రాయని చీటీ అసంపూర్ణము. మొదటి కొన్ని దినములు మగత, ఓకారము ఉండవచ్చును. అవి సాధారణముగా తగ్గును.

ఈ విద్యకు ఆద్యురాలు ఇంగ్లండునందలి సిసిలీ సాండర్స్. ఆమె మొదట నర్సు, తరువాత ఆసుపత్రిలో రోగుల కుటుంబముల మంచిచెడ్డలు చూచు ఉద్యోగిని, ఆ తరువాత వైద్యవిద్య చదివి 1957లో డాక్టరైనది. 1948లో డేవిడ్ తాస్మా అను పోలెండు దేశపు యూదుడు క్యాన్సరుతో లండనులో మరణించెను. అయినవారు దగ్గర లేరు. ఆమె కట్టబోవు ఇంటిలో ఒక కిటికీగా ఉండగోరి 500 పౌనులు ఆమెకు విడిచిపోయెను. కిటికీ ముందు వచ్చినది, దానిచుట్టు ఇల్లు కట్టుటకు పందొమ్మిదేండ్లు పట్టినది. 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ అను ఆశ్రయము లండనులో తెరువబడినది. రోగి నొప్పి శరీరముతో ముగియదని ఆమె బోధించినది. మనసు నొప్పి, సంసారపు నొప్పి, దైవచింతకు సంబంధించిన నొప్పి, ఇవన్నియు ఒకే ముద్దయై మీదపడునని ఆమె చెప్పినది. కౌలుకిచ్చిన తోటను తలచుకొని నిద్రపట్టనివానికి మాత్ర ఒక్కటియే చాలదు గదా.

అయితే సెయింట్ క్రిస్టఫర్స్ ఆసుపత్రికి వెలుపలి ఇల్లు. దానిని ఆసుపత్రి లోపలికి తెచ్చినవాడు కెనడా దేశపు శస్త్రవైద్యుడు బాల్ఫర్ మౌంట్. ఆయన సాండర్స్ వద్ద చూచి నేర్చి, 1975లో మాంట్రియల్ నగరపు రాయల్ విక్టోరియా ఆసుపత్రిలోనే ఒక వార్డు పెట్టెను. ఈ వైద్యమునకు ఆంగ్లమున నేడున్న పేరు ఆయన పెట్టినదే. దాని మూలము పై కప్పుకొను వస్త్రమను అర్థముగల లాటిను మాట. మన భాషలో చెప్పవలెనన్న ఉత్తరీయము.

లోపలికి తెచ్చినను, వైద్యులలో చాలకాలము ఒక అనుమానముండెను. ఉపశమనమునకు పంపినచో రోగి ఆశ వదలుకొని త్వరగా పోవునేమోయని. దీనిని బోస్టను నగరమున మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రివారు పరీక్షించి 2010లో ప్రకటించిరి. ఊపిరితిత్తుల క్యాన్సరు అప్పటికే ఇతర భాగములకు ప్రాకినదని క్రొత్తగా తేలిన 151 మందిని రెండు భాగములుగా చేసిరి. ఒక భాగమునకు మాములు క్యాన్సరు చికిత్స. రెండవ భాగమునకు అదే చికిత్సతోపాటు మొదటినుండి ఉపశమన వైద్యము. రెండవవారిలో దిగులు తక్కువ. చివరి దినములలో ఫలము లేని మందులకు వారు తక్కువగా లోనైరి. అయినను వారి మధ్యమ ఆయువు 11.6 నెలలు. మొదటివారిది 8.9 నెలలు. మందులు తక్కువ వాడి ఎక్కువ కాలము బ్రతికిరి. ఒక్క పరీక్షతో అన్ని క్యాన్సరులకు తీర్పు చెప్పరాదు. కాని తలగడ పెట్టినందున ప్రాణము త్వరగా పోవునన్న మాటకు మాత్రము ఇక ఆధారము లేదు.

ఇక స్వదేశమునకు వత్తము. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములలో ప్రభుత్వపు అనుమతితో గసగసాల పంట పండుచున్నది. దాని నల్లమందును ఘాజీపూరు, నీమచ్ కర్మాగారములకు చేర్చి విదేశములకు పంపుచుండిరి. విదేశీయుని నొప్పి భారతదేశపు పంటతో తీరుచుండగా, ఆ పంట పండించిన దేశపు రోగి కేకలు పెట్టుచుండెను. కారణము 1985 నాటి మత్తుమందుల చట్టము. దొంగవ్యాపారమును అరికట్టుట దాని ఉద్దేశము, అది మంచిదే. కాని మార్ఫీను తెప్పించుకొనదలచిన ఆసుపత్రి వేర్వేరు శాఖలనుండి నాలుగైదు లైసెన్సులు పొందవలెను. ఒక్కొక్క దానికి ఒక్కొక్క గడువు. అన్నియు ఒకే సమయమున చెల్లుబాటులో ఉండవలెను. ఒకటి వచ్చులోపల మరియొకటి గడువు తీరును. కచ్చేరీలచుట్టు తిరిగినవారికి ఈ తీరు తెలియనిది కాదు. ఆసుపత్రులు విసిగి తెప్పించుకొనుటయే మానివేసినవి. 1997 నాటికి ఇంత దేశమునకు వైద్యమునకై వాడిన మార్ఫీను సుమారు 18 కిలోలు.

కేరళమున కోళికోడు వైద్యకళాశాలలో డాక్టరు ఎం. ఆర్. రాజగోపాల్ గారును, డాక్టరు సురేష్ కుమార్ గారును 1993లో ఒక సంఘము స్థాపించి రోగులకు ఇంటికే మార్ఫీనుమాత్రలు ఇచ్చుట మొదలిడిరి. మాత్రలు దారి తప్పునన్న భయము ప్రభుత్వమున కుండెను. రెండేండ్లలో 1,723 మంది రోగులకు ఇచ్చిన మందును లెక్కచూచి, ఒక్కచోటను దుర్వినియోగము కనబడలేదని 2001లో వైద్యపత్రికయందు ప్రకటించిరి. శుద్ధమైన లెక్క ఎంత పనిచేయునో దీనివలన తెలియును. 2014 ఫిబ్రవరిలో పార్లమెంటు ఆ చట్టమును సవరించినది. మార్ఫీను మొదలగు అవసర ఔషధములకు గుర్తింపు పొందిన ఆసుపత్రికి రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి ఒక్కని అనుమతి చాలునని మార్చినది. అయినను అనుమతి సులభమైనంతమాత్రమున మాత్ర బీరువాలోనికి వచ్చినట్లు కాదు. కోరి తెప్పించు డాక్టరుండవలెను.

తెలుగునాట అట్టి ప్రయత్నము జరిగిన పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి హైదరాబాదునందలి ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి. నవాబు మెహ్దీ నవాజ్ జంగ్ గారి పేర 1955లో వెలసినది. ఆయన తరువాత 1960లో గుజరాతు రాష్ట్రపు మొదటి గవర్నరైరి. సమైక్య ఆంధ్రప్రదేశమున శ్రీకాకుళమునుండి ఆదిలాబాదువరకు బీదరోగి మూటకట్టుకొని చేరినది అక్కడికే. వచ్చువారిలో అధికులు వ్యాధి ముదిరినవారు. 2007 ప్రాంతమున అంతర్జాతీయ సంస్థల సాయముతో, డాక్టరు గాయత్రి పాలత్ గారి నాయకత్వమున అక్కడ ఉపశమన విభాగము నిలద్రొక్కుకొన్నది. గమనింపవలసినది స్థలము. ఈ విభాగము ఊరిచివర ఆశ్రమముగా కాక, మందులు, కిరణములు ఇచ్చు అదే ప్రాంగణమున ఉన్నది. కిరణములకు వచ్చినవాడే నొప్పికి చీటీ వ్రాయించుకొనవచ్చును. పిల్లలకును ప్రత్యేకముగా ఈ సేవ అక్కడ గలదు. పిల్లవాడు నొప్పియని సరిగా చెప్పలేడు, ఆట మానివేయును, అంతే. దానిని చదువ నేర్చిన నర్సులు కావలెను.

అదే నగరమున 2011లో బంజారాహిల్స్ రోటరీ క్లబ్బువారు స్పర్శ్ అను ఉచిత ఆశ్రయమును స్థాపించిరి. తెలంగాణ ప్రభుత్వము కొన్ని సంవత్సరములుగా జిల్లా ఆసుపత్రులలో ఇందుకై కొన్ని పడకలు, ఇండ్లకు పోవు వాహనము ఏర్పాటు చేయుచున్నది. ఆంధ్రప్రదేశమున విశాఖపట్టణమునందలి హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రిలో ఈ విభాగము కలదు. తక్కినచోట్ల ఏర్పాటు పలుచగనే యున్నదని చెప్పక తప్పదు. ఏలూరు జిల్లా పల్లెనుండి విశాఖకుగాని హైదరాబాదునకుగాని నెలనెల పోయివచ్చుట ముదిరిన రోగికి సాధ్యమా?

కావున రెండు చివరలు కలుపవలెను. రోగి మొదట చేరు ఆసుపత్రిలో ఈ సేవ మొదలు కావలెను, అది ఊరివరకు నడచి రావలెను. కేరళమున మలప్పురము జిల్లాయందు సామాన్యులైన రైతులు, విద్యార్థులు, ఉపాధ్యాయులు శిక్షణపొంది వారమునకు కొన్ని గంటలు రోగుల ఇండ్లకు పోవుదురు. 2008లో ఆ రాష్ట్రము దీనిని ప్రభుత్వవిధానముగా ప్రకటించినది. పంచాయతీలు నర్సును నియమించుకొని ఇంటింటికి పంపుచున్నవి. కృష్ణాతీరమువారికి ఇది వింతగా తోచరాదు. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువలమీద పడవలో పుస్తకములు పెట్టి చదువరుల ఊళ్ళకే నడిపించిరి. చదువరి గ్రంథాలయమునకు రాలేనిచో గ్రంథాలయమే పోవలెనని ఆ పెద్దలు తలచిరి. మంచముపట్టినవాని విషయమున న్యాయము వేరొకటి కాదు. 2018 తరువాత కేంద్రప్రభుత్వపు పథకము ప్రకారము గ్రామ ఆరోగ్యకేంద్రములు అందింపవలసిన సేవలలో ఉపశమన సేవయు ఒకటిగా చేర్చబడినది. కాగితముమీదనున్న ఆ మాటను ఏ.ఎన్.ఎం. గారిని, ఆరోగ్యకేంద్రపు అధికారిని అడుగుటకు గ్రామస్థునకు హక్కున్నది.

మార్ఫీను అనగానే ఇండ్లలో రెండు భయములు. అది అలవాటై మనిషి మత్తునకు దాసుడగునని ఒకటి. నొప్పికొరకు వైద్యుని కొలతప్రకారము వాడువారిలో అట్లగుట అరుదు. అది వేసిన దినమే మనిషి పోవునని రెండవది. ఈ భయమునకు కారణమున్నది. తులసితీర్థమువలె దానిని కడపటి గడియలోనే ఇచ్చుచుండిరి గనుక, మాత్రయు మరణమును జంటగా కనబడినవి. చికిత్స సాగుచుండగనే నొప్పినిబట్టి మొదలుపెట్టి, తగ్గిననాడు డాక్టరు చెప్పినట్లు క్రమముగా తగ్గించి మానివేసినవారిని ఊరివారు చూచినచో ఈ భయము తనంతట పోవును.

మరియొక చిక్కు, రోగికి నిజము చెప్పుట. “నాన్నకు మాత్రము తెలియనీయకండి డాక్టరుగారూ” అని కొడుకులు చేతులు పట్టుకొందురు. అది ప్రేమయే. అయినను పరీక్షిత్తు కథ చూడుడు. ఏడు దినములలో తక్షకుడు కరచునను వార్తను శమీకముని తన శిష్యునిచేత పంపెను, దాచలేదు. భారతమున ఆ రాజు ఒంటిస్తంభపు మేడ కట్టించుకొని చుట్టును వైద్యులను, మందులను నిలిపెను. భాగవతమున గంగయొడ్డున కూర్చుండి శుకుని మాటలు వినెను. వార్త తెలియకున్నచో ఈ రెండును లేవు. మేడ కట్టినవాడు పిరికివాడనియు, గంగకు పోయినవాడు ధీరుడనియు అనుట కూడదు. ఒకే మనిషి ఉదయము మేడను, సాయంకాలము గంగను కోరును. ఉపశమన వైద్యము ఆ రెంటిలో దేనిని విడువుమనదు. నిజమును ఒక్కమారుగా నెత్తిన కుమ్మరించుట మాత్రము తగదు. ఎంతవరకు తెలిసికొనదలచితివని మొదట రోగినే అడుగవలెను. చాలమంది అప్పటికే గ్రహించియుందురు. ఇంటివారి మనసు నొచ్చునని వారును నటించుచుందురు.

ఇక ఆసుపత్రికి పోవు ఇంటివారు చేయగలిగిన పని. మొదటి చూపునాడే, చికిత్స ఏమిటని అడుగుటతోపాటు, నొప్పికి ఆయాసమునకు చూచు డాక్టరు ఇక్కడ ఎవరని అడుగవలెను. లేరన్నచో, మార్ఫీను వ్రాయగలవారు ఎక్కడనున్నారని అడుగవలెను. కిరణములుగాని మందులుగాని క్రొత్తగా సూచించినపుడు, ఇవి వ్యాధిని తీర్చుటకా, బాధను తీర్చుటకా, ఎన్నినాళ్ళు, ఎంత ఫలము అని మెల్లగా అడుగుట తప్పుకాదు. తోట బయానా తీసికొనకముందు అడుగవలసిన ప్రశ్న అది. నొప్పి కొలతకు డాక్టర్లు సున్నానుండి పదివరకు అంకె చెప్పుమందురు. పెద్దవారికి అది తోచకున్నచో పదహారణాలలో ఎన్ని అణాలు అని అడుగుడు. వెంటనే చెప్పుదురు. ఆ అణాలను, మాత్ర వేసిన గంటను, నిద్రపట్టిన గంటలను ఒక చిన్న పుస్తకమున దినదినము వ్రాసి డాక్టరునకు చూపవలెను. “బాగుగనే యున్నదండి” అను మర్యాదకంటె ఆ పుస్తకము రోగికి మేలుచేయును. చదువురాని ఇండ్లకు ఈ గ్రంథాలయపు యువకులు పోయి వారమునకొకమారు వ్రాసి రావచ్చును.

మాత్రలను పిల్లల చేతికందనిచోట, తాళముగల పెట్టెలో ఉంచవలెను. ఎన్ని తెచ్చినది, ఎన్ని వాడినది అదే పుస్తకమున ఎక్కింపవలెను. మనిషి వెళ్ళిపోయిన ఇంట మిగిలినవానిని పొరుగువారి నొప్పికి ఇయ్యరాదు, కాలువలో పారవేయరాదు. దినకర్మలు ముగిసిన పిదప ఇంటివారిలో ఒకరు వాటిని లెక్కపెట్టి, పుస్తకముతో సహా, ఇచ్చిన ఆసుపత్రికే తిరిగి అప్పగింపవలెను.